శ్వాసకోశ వైరస్‌ల పరీక్షకు శాంపిల్: వార్డుల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

కర్నూలులో వైరాలజీ ల్యాబ్‌లో పని. ఆదోని, నంద్యాల, ఎమ్మిగనూరు నుంచి స్టాఫ్ నర్సులు, ఇక్కడి వార్డుల హౌస్ సర్జన్లు, అప్పుడప్పుడు అనంతపురం, కడప వైపు టెక్నీషియన్లు ఫోన్ చేస్తుంటారు. అడిగేవి ఇంచుమించు అవే. హౌస్ సర్జన్ల బ్యాచ్ మారిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులను ఎక్కువగా పట్టే వైరస్) లాంటివాటికి చేసే పీసీఆర్ పరీక్షను, అంటే శాంపిల్‌లో వైరస్ జన్యు పదార్థం (ఆర్ఎన్ఏ) ఉందా అని వెతికే పరీక్షను, మనసులో పెట్టుకుని చదవండి. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటి చదువుకుని వెళ్లిపోయినా చాలు, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

## ఎవరికి, ఎప్పుడు, ఏ శాంపిల్

జలుబు, దగ్గు ఉన్నవాళ్లందరికీ స్వాబ్ పంపాలా సార్?

అక్కర్లేదు. ఫ్లూ విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు రోగులను ఎ, బి, సి అని మూడు కేటగిరీలు చేశాయి. మామూలు జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉన్న ఎ వాళ్లకు టెస్టు లేదు. జ్వరం ఎక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు, వృద్ధులు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు బి కిందికి వస్తారు, వీళ్లకు డాక్టరు మందు మొదలుపెడతారు గానీ టెస్టు తప్పనిసరి కాదు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, బీపీ పడిపోవడం, గల్లలో రక్తం, గోళ్లు నీలంగా మారడం లాంటివి కనిపిస్తే సి. వాళ్లను అడ్మిట్ చేయాలి, శాంపిల్ పంపాలి. సీజన్‌లో ఓపీలో దగ్గిన ప్రతి ఒక్కరి స్వాబూ వస్తే ఐసీయూ శాంపిల్ ఆ గుట్టలో అడుగున పడిపోతుంది, బాధ అదీ.

జ్వరం మొదలైన ఎన్నో రోజున తీస్తే మంచిది?

ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. ఫ్లూకైతే మొదటి మూడు నాలుగు రోజుల్లో ముక్కు వెనక వైరస్ దండిగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. చిన్నపిల్లల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో, ఐసీయూలో ఉన్నవాళ్లలో ఇంకా చాలా రోజులు దొరకొచ్చు కాబట్టి అలాంటివాళ్లకు ఆలస్యమైందని మానేయొద్దు.

మన దగ్గర చిక్కు రోజుల లెక్కలో వస్తుంది. మనిషి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు వేయించుకుని, తగ్గక టౌన్‌లో చూపించుకుని, అక్కడా తగ్గక పెద్దాసుపత్రికి వస్తాడు. ఫారంలో మాత్రం ‘జ్వరం 1 రోజు’ అని ఉంటుంది, ఎందుకంటే అడ్మిట్ అయింది నిన్న. “ఎప్పటి నుంచి జ్వరం?” అంటే “మొన్నటి నుంచి” అనేస్తారు, ఆ మొన్న వారం కిందట కూడా కావచ్చు. “అవ్వా, పోయిన సంతకు పోయినప్పుడు బాగున్నావా?” అని అడిగి చూడండి, తేదీ దానంతటదే బయటికొస్తుంది.

ఓసెల్టామివిర్ (ఫ్లూ మందు) మొదలుపెట్టేశాం. ఇప్పుడు శాంపిల్ తీసి లాభముందా?

ఉంది. మందు వేయగానే వైరస్ మాయమైపోదు, ఒకటి రెండు డోసులు పడ్డాక కూడా పీసీఆర్‌లో దొరుకుతుంది. ఫారంలో మందు ఎప్పుడు మొదలైందో రాయండి, అంతే. అసలు భయం దీనికి రివర్సులో ఉంది: శాంపిల్ తీయలేదనో, రిపోర్టు రాలేదనో సీరియస్ పేషెంటుకు మందు ఆపి కూర్చోవడం. అది మాత్రం చేయొద్దు.

ముక్కులోనా, గొంతులోనా? ఒక్కటే తీయాలంటే ఏది?

ఒక్కటే అంటే ముక్కు వెనక భాగం, అంటే నేసోఫారింక్స్. శ్వాసకోశ వైరస్‌లు చాలావరకు అక్కడి పొర కణాల్లో పెరుగుతాయి. గొంతు స్వాబ్ ఒక్కటే పంపితే పట్టుబడే అవకాశం తగ్గుతుంది. వీలైతే రెండూ తీసి ఒకే వీటీఎం ట్యూబులో (వైరస్ పాడవకుండా ఉంచే ద్రవం ఉన్న ట్యూబు) వేయండి, కోవిడ్ రోజుల్లో అందరం చేసింది అదే. రెండు ట్యూబులు పంపితే మాకు పని రెట్టింపు, మీకు వచ్చే లాభం ఏమీ లేదు.

చంటిబిడ్డకు స్వాబ్ తీయాలా, ఇంకేదైనా ఉందా?

బ్రాంకియోలైటిస్‌తో (ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల వాపు) వచ్చే పసిపిల్లలకు సన్న సక్షన్ క్యాథెటర్‌తో ముక్కు వెనక నుంచి లాగిన స్రావం, అంటే నేసోఫారింజియల్ ఆస్పిరేట్, చాలా మంచి శాంపిల్. ఆర్‌ఎస్‌వీ అందులో బాగా దొరుకుతుంది. క్యాథెటర్‌కూ సక్షన్ మిషన్‌కూ మధ్య మ్యూకస్ ట్రాప్ డబ్బా తగిలిస్తే స్రావం అందులో పడుతుంది. ఏమీ రాకపోతే కొద్దిగా స్టెరైల్ సెలైన్ క్యాథెటర్‌లోంచి లాగితే అంటుకున్నది కూడా ట్రాప్‌లోకి వస్తుంది. పాలు తాగిన వెంటనే చేయొద్దు, కక్కుతారు. సక్షన్ లేని చోట పిల్లలకని వచ్చే సన్న కాడ స్వాబ్ చాలు. పెద్దవాళ్ల స్వాబ్‌ను ఆ చిన్న ముక్కులో దూర్చి ప్రయోగాలు వద్దు.

వెంటిలేటర్ మీద ఉన్నాయనకు స్వాబ్ నెగెటివ్ వచ్చింది. ఇంకో స్వాబ్ పంపమంటారా?

ఇంకో స్వాబ్ కాదు, కింది నుంచి పంపండి. న్యుమోనియా ముదిరేసరికి పైన ముక్కులో వైరస్ తగ్గిపోయి, కింద ఊపిరితిత్తుల్లో మాత్రం ఉండిపోవచ్చు. హెచ్1ఎన్1లోనూ కోవిడ్‌లోనూ ఇలా జరగడం అందరికీ తెలిసిందే. ట్యూబు ఎలాగూ వేసి ఉంది కాబట్టి ట్రాకియల్ ఆస్పిరేట్, అంటే శ్వాసనాళం నుంచి లాగిన స్రావం, తీయడం సులువు: రెండు మూడు మిల్లీలీటర్లు, మూత బిగుసుకునే స్టెరైల్ డబ్బాలో. పల్మనాలజీ వాళ్లు వేరే కారణానికి బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చూడటం) చేస్తుంటే బీఏఎల్ ద్రవంలోంచి (లోపల సెలైన్ పోసి తిరిగి లాగినది) మాకూ కాస్త ఇమ్మని ముందే చెప్పిపెట్టండి. కేవలం వైరస్ టెస్టు కోసం ఆయాసపడే మనిషికి బ్రాంకోస్కోపీ చేయమని నేనైతే అనను.

ఒక మాట. ఈ ద్రవాలను వీటీఎంలో కలిపి పంపొద్దు, ఉత్త స్టెరైల్ డబ్బాలో చాలు. వీటీఎంలో యాంటీబయాటిక్స్ ఉంటాయి, కలిపేస్తే అదే శాంపిల్‌ను బ్యాక్టీరియా కల్చర్‌కు (పెంచి చూసే పరీక్షకు) వాడుకునే దారి మూసుకుపోతుంది.

గల్ల పంపితే చాలదా? టీబీకి పంపుతున్నాం కదా?

గల్ల బాగా పడేవాళ్లయితే పంపొచ్చు, కింది భాగం నుంచి వచ్చింది కాబట్టి ఒక్కోసారి స్వాబ్ కంటే మెరుగు. కానీ వైరల్ జ్వరాల్లో చాలామందికి పొడి దగ్గే. అలాంటివాళ్లను “ఇంకొంచెం దగ్గు పెద్దాయనా” అని సతాయిస్తే డబ్బాలో పడేది ఉమ్ము. నీళ్లతో నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తెచ్చిన చిక్కటి గల్ల అయితేనే పంపండి. రాకపోతే నెబులైజర్ పెట్టి తెప్పించే ప్రయత్నం కోవిడ్, ఫ్లూ అనుమానం ఉన్న వార్డులో చేయొద్దు, గదంతా తుంపర్లు లేస్తాయి.

రక్తం పంపితే సరిపోదా? ముక్కులో పుల్ల అంటే పేషెంట్లు భయపడుతున్నారు.

సరిపోదు. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కోవిడ్ ఇప్పుడుందా లేదా అన్నది రక్తంలో తేలదు. యాంటీబాడీలు రావడానికి రోజులు పడుతుంది, ఫ్లూకైతే రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీసి నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. అప్పటికి పేషెంటు డిశ్చార్జి అయి ఊళ్లో సేద్యం చేసుకుంటుంటాడు.

డెంగ్యూ కూడా ఉంది, ప్లేట్‌లెట్లు 18 వేలు. ముక్కులో స్వాబ్ పెట్టొచ్చా?

మీ అంతట మీరు పెట్టొద్దు, డ్యూటీ డాక్టరును అడగండి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఈమధ్యే ముక్కు ఆపరేషన్ అయినవాళ్లు, యాక్సిడెంట్‌లో ముఖానికి గానీ తల అడుగు ఎముకకు గానీ దెబ్బ తగిలినవాళ్లు, వీళ్లకు లోతుగా స్వాబ్ పెట్టడం ప్రమాదం. గొంతు స్వాబ్, దానితో పాటు ముక్కు ముందు భాగంలో మెల్లగా తీసిన స్వాబ్ పంపి, ఫారంలో ‘ప్లేట్‌లెట్లు తక్కువ, లోతుగా తీయలేదు’ అని రాయండి. వానలు పడే ఆగస్టు–అక్టోబరు రోజుల్లో డెంగ్యూ, ఫ్లూ రెండూ ఒకేసారి వార్డు నింపుతాయి కాబట్టి ఈ ప్రశ్న ఏటా వస్తుంది.

## తీసేటప్పుడు

స్టోర్‌లో స్వాబ్‌లు లేవు. మామూలు దూది స్వాబ్ వాడొచ్చా?

వద్దు. దూదిలోనూ చెక్క పుల్లలోనూ పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, పైగా దూది పీల్చుకున్నదాన్ని తిరిగి వదలదు. కాల్షియం ఆల్జినేట్ స్వాబ్‌లూ పనికిరావు. ప్లాస్టిక్ కాడ, కొనలో నైలాన్ లేదా పాలిస్టర్ ఉన్నవే వాడాలి. అన్నిటికంటే మంచివి ఫ్లాక్డ్ స్వాబ్‌లు, కొన మీద సన్న కుచ్చులా పోగులు నిలబడి ఉంటాయి, కణాలు వాటికి అంటుకుని ట్యూబులోకి రాగానే వదిలేస్తాయి. బ్యాక్టీరియా కల్చర్ కోసం జెల్‌తో వచ్చే స్వాబ్ ట్యూబులు కూడా అప్పుడప్పుడు మాకు వస్తుంటాయి. అవి ఈ పనికి కావు.

స్వాబ్ ఎంత లోపలికి పోవాలి? పేషెంటు ‘చాలు చాలు’ అంటుంటే చేయి ఆగిపోతోంది.

ఎక్కువ శాంపిళ్లు పాడయ్యేది ఇక్కడే. ముక్కు రంధ్రం నుంచి చెవి రంధ్రం దాకా ఎంత దూరమో స్వాబ్‌ను ముఖం పక్కన పెట్టి చూసుకోండి, దాదాపు అంత లోపలికి పోవాలి. పెద్దవాళ్లలో ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు.

కొత్తవాళ్లు స్వాబ్‌ను పైకి, కళ్ల వైపు తోస్తారు. ముక్కు బయటికి పైకి లేచి ఉన్నా లోపలి దారి పైకి పోదు, అంగిలికి సమాంతరంగా తిన్నగా వెనక్కి పోతుంది. పేషెంటు తల కాస్త వెనక్కి వాల్చి, స్వాబ్‌ను ముక్కు నేల మీదుగా చెవి వైపు గురిపెట్టి మెల్లగా పోనివ్వండి. వెనక గోడకు తగిలినప్పుడు మెత్తగా ఆగినట్టు చేతికి తెలుస్తుంది. కొన్ని సెకన్లు అక్కడే ఉంచి, మెల్లగా తిప్పుతూ బయటికి తీయండి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అది మామూలే. సగం దారిలోనే గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయొద్దు, ముక్కు మధ్య గోడ వంకరగా ఉండొచ్చు, రెండో ముక్కులో చూడండి.

పెట్టేముందు ఒక్క నిమిషం మాట్లాడితే సగం గొడవ తప్పుతుంది: “అన్నా, ఐదారు సెకన్లు మంటగా ఉంటది, తల ఎనక్కి లాగొద్దు, అయిపోతది.” చెప్పకుండా పెడితే చెయ్యి పట్టుకుని లాగేస్తారు, అప్పుడు వచ్చేది ముక్కు ముందు భాగంలోని చీమిడి.

ముక్కు నిండా చీమిడి ఉంది. అదే తీసి పంపితే వైరస్ ఎక్కువ దొరకదా?

చూడ్డానికి అలా అనిపిస్తుంది గానీ, వైరస్ పెరిగేది పొరలోని కణాల్లో, మనకు కావాల్సింది ఆ కణాలు. చీమిడి అడ్డంగా ఉంటే స్వాబ్ దానిలోనే తడిసి బయటికొచ్చేస్తుంది, గోడకు తగలదు. పెద్దవాళ్లయితే ఒకసారి చీదమనండి, పిల్లలకు మీరే తుడవండి, తర్వాత తీయండి. స్వాబ్ మీద జిగురు లేదని బెంగ వద్దు.

గొంతులో పెట్టగానే వాంతి చేసుకుంటున్నారు. ఎలా?

అన్నం తిన్న వెంటనే తీయొద్దు. నాలుకను చెక్క పలకతో అదిమి ‘ఆ’ అనమనండి, టాన్సిళ్ల దగ్గర రెండు పక్కలా, గొంతు వెనక గోడ మీద చకచకా రుద్ది తీసేయండి. నాలుకకూ పళ్లకూ కొండనాలుకకూ తగలకూడదు.

గ్లౌజులు, మామూలు మాస్కు సరిపోతాయా?

స్వాబ్ తీసేటప్పుడు మీ ముఖం మీదే తుమ్ముతారు, దగ్గుతారు. ఎన్95, కళ్లకు అడ్డం, గ్లౌజులు, గౌను వేసుకోండి, నిలబడేది పేషెంటుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు. సక్షన్, బ్రాంకోస్కోపీ దగ్గర ఇందులో ఏదీ తగ్గించడానికి లేదు.

## తీశాక, ల్యాబ్‌కు చేరేదాకా

వీటీఎం గులాబీ రంగు నుంచి పసుపుకు తిరిగింది. వాడొచ్చా?

పారేయండి. అందులో ఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది, ద్రవం పుల్లబడితే పసుపవుతుంది, అంటే లోపల ఏదో సూక్ష్మజీవి పెరిగిందనో, ట్యూబు చెడిందనో. మబ్బుగా కనిపించినా అంతే. రంగే లేని వీటీఎంలు కూడా ఉన్నాయి, వాటికి గడువు తేదీ, లోపల స్పష్టంగా ఉందా లేదా అన్నదే చూడాలి. ట్యూబు మీద ‘గది ఉష్ణోగ్రత’ అని ఉంటే, అది రాసినవాళ్లు 25 డిగ్రీల లోపు గదిని అనుకుని రాశారని గుర్తుంచుకోండి. మే నెలలో 42 డిగ్రీలుండే మన స్టోర్ రూము ఆ లెక్కలోకి రాదు, వాడని ట్యూబులను కూడా ఫ్రిజ్‌లో పెట్టండి.

కొత్త రకం ట్యూబులు వచ్చాయి, వైరస్‌ను చంపేస్తాయట. వాటితో తేడా ఏమన్నా ఉందా?

వాటిలో గ్వానిడిన్ ఉప్పు ఉంటుంది. వైరస్ చచ్చిపోయినా ఆర్ఎన్ఏ నిలుస్తుంది కాబట్టి పీసీఆర్‌కు బాగానే పనికొస్తాయి, మోసుకొచ్చేవాళ్లకూ భద్రం. వైరస్ కల్చర్‌కు పనికిరావు. స్వాబ్‌ను ముందే ఆ ద్రవంలో ముంచి ముక్కులో పెట్టొద్దు. ఒలికితే బ్లీచింగ్ ద్రావణం మాత్రం పోయొద్దు, గ్వానిడిన్ థయోసైనేట్‌తో బ్లీచింగ్ కలిస్తే సైనైడ్ లాంటి విషవాయువు వస్తుంది. ఏది ఒలికినా హైపో (అదే బ్లీచింగ్ ద్రావణం) పోసి తుడవడం మనందరికీ చేతి అలవాటు, అందుకే ఈ సంగతి శానిటేషన్ అక్కలకు కూడా చెప్పి ఉంచండి.

వీటీఎం అయిపోయింది. సెలైన్‌లో పంపితే తీసుకుంటారా?

పీసీఆర్‌కైతే స్టెరైల్ నార్మల్ సెలైన్ తప్పనిసరి పరిస్థితుల్లో పనికొస్తుంది, రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. ముందు ఫోన్ చేసి చెప్పండి, చల్లగా పంపండి, వీలైతే అదే రోజు చేర్చండి. పొడి స్వాబ్‌ను కవర్లో చుట్టి మాత్రం పంపొద్దు.

రాత్రి తీశాం, పొద్దున గానీ మనిషి లేడు. ఫ్రిజ్‌లోనా, ఫ్రీజర్‌లోనా?

ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. అలా 72 గంటల వరకు ఉండొచ్చు. అంతకంటే ఆలస్యమైతే మైనస్ 70 కావాలి, అది ల్యాబ్‌లోనే ఉంటుంది. వార్డు ఫ్రిజ్ పైన ఐసు గడ్డకట్టే అర ఉంది చూశారూ, అందులో పెట్టడం అన్నిటికంటే చెడ్డపని. గడ్డకట్టి, కరెంటు పోయి కరిగి, మళ్లీ గడ్డకడితే వైరస్ పై పొర చితికిపోతుంది, ఆర్‌ఎస్‌వీ లాంటివి అసలు తట్టుకోలేవు. తలుపు అరలో కూడా పెట్టొద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే.

ఆదోని నుంచి ఎండాకాలంలో ఎలా పంపాలి? దారిలో పాడైపోదా?

రెండు మూడు గంటల ప్రయాణానికి సరిగ్గా ప్యాక్ చేస్తే ఏమీ కాదు. మూడు పొరలు: మొదట ట్యూబు, మూతకు పారాఫిల్మ్ చుట్టి. దాన్ని ఒలికితే పీల్చుకునేలా దూదిలో చుట్టి రెండో గట్టి డబ్బాలో లేదా జిప్ కవర్లో పెట్టాలి. ఆ పైన వ్యాక్సిన్ క్యారియర్, చుట్టూ గడ్డకట్టిన ఐస్ ప్యాకులు. కాగితాలు డబ్బా బయట వేరే కవర్లో ఉండాలి, కరిగిన నీళ్లలో తడిసి సిరా కారిపోయిన ఫారాలతో వేగలేకపోతున్నాం. సోడా బండి దగ్గర కొన్న ఐసుగడ్డలు క్యారీబ్యాగులో పోసి పంపితే సగం దారికే నీళ్లవుతాయి.

ట్యూబు మూసేటప్పుడు స్వాబ్ కాడను గీత ఉన్నచోట విరవండి. పొడుగ్గా వదిలేసి వంచి మూత బిగిస్తే అది స్ప్రింగులా తోస్తుంది, మర సరిగా కూర్చోదు, జీపు కుదుపులకు కారిపోతుంది.

మా శాంపిల్ వాపసు పంపారు. అంత పట్టింపు ఎందుకు?

కారిపోయినా, ట్యూబు మీద పేరు లేకపోయినా, ట్యూబు మీద ఒకటి ఫారంలో ఒకటి ఉన్నా తీసుకోలేం. ఒకే వార్డులో ముగ్గురు లక్ష్మీదేవిలు ఉంటారు, ఇద్దరి వయసు 55 అని రాసి ఉంటుంది, ఎవరి రిపోర్టు ఎవరి కేస్ షీటులోకి పోతుందో మీరే ఆలోచించండి. ట్యూబు మీదే పేరు, వయసు, ఐపీ నంబరు, తీసిన తేదీ, టైము, ఏ శాంపిలో రాయండి. మూత మీద రాస్తే మూత తీశాక అది ఎవరిదో తెలీదు. ఫారంలో లక్షణాలు మొదలైన తేదీ తప్పకుండా ఉండాలి.

## రిపోర్టు వచ్చాక

నెగెటివ్ వచ్చింది. అంటే వైరస్ లేనట్టేనా?

మీరు పంపిన ఆ శాంపిల్‌లో, మేం వెతికిన ఆ వైరస్‌లు దొరకలేదని అర్థం. మన సీమలో నూటయాభై అడుగులకు నీళ్లు పడలేదని బోరు ఆపేసినంత మాత్రాన ఆ పొలంలో నీళ్లే లేవనం కదా, ఇదీ అంతే. ఎన్నో రోజున తీశారు, ఎంత లోతుకు పోయింది, పైనుంచా కిందనుంచా, చల్లగా వచ్చిందా, ఇవన్నీ ఆ ఒక్క మాట వెనక ఉంటాయి. ఎక్స్‌రే, ఆక్సిజన్ చూస్తే వైరల్ న్యుమోనియా అనిపిస్తున్నప్పుడు ఒక్క నెగెటివ్‌తో మందు ఆపొద్దు, ఐసోలేషన్ తీసేయొద్దు. కింది నుంచి మళ్లీ పంపండి.

రిపోర్టులో ‘ఇన్‌వాలిడ్’ అని ఉంది. ల్యాబ్ తప్పేనా?

మా వైపు పొరపాటు జరిగే వీలు లేకపోలేదు, అందుకే ముందు మేమే ఇంకోసారి నడిపి చూస్తాం. ప్రతి శాంపిల్‌లోనూ వైరస్‌తో పాటు ఆర్‌నేస్ పి అనే మనిషి జన్యువును కూడా వెతుకుతాం. స్వాబ్ గోడకు తగిలి కణాలు వచ్చి ఉంటే అది పలుకుతుంది. అది కూడా పలకలేదంటే ట్యూబులో కణాలు దాదాపు లేవు, లేదా రక్తం లాంటిదేదో పీసీఆర్‌ను అడ్డుకుంటోంది. కొత్త స్వాబ్ పంపమని అడిగేది అందుకే. కాకపోతే అది పలికినంత మాత్రాన స్వాబ్ సరైన చోట తీశారనీ చెప్పలేం, ముక్కు ముందు భాగంలోనూ మనిషి కణాలే ఉంటాయి.

సీటీ వాల్యూ 34 వచ్చింది. జబ్బు తక్కువేనా?

పీసీఆర్ మిషన్‌కు వైరస్ ఎన్నో రౌండులో కనపడిందో ఆ నంబరు, అది పేషెంటు పరిస్థితి చెప్పదు, ఆ ట్యూబులో వైరస్ ఆర్ఎన్ఏ ఎంతుందో ఉజ్జాయింపుగా చెబుతుంది. సుమారు మూడు పాయింట్లు పెరిగితే పది రెట్లు తగ్గినట్టు. పైపైన తీసినా 34 వస్తుంది, జబ్బు తగ్గుముఖం పట్టినా వస్తుంది, ఊపిరితిత్తుల్లో వైరస్ నిండి ఉండి ముక్కులో తగ్గిపోయినా వస్తుంది. అటెండర్లు ఫోన్లో నంబరు చూసుకుని టెన్షన్ పడుతున్నారనో సంబరపడుతున్నారనో మీరూ దాని వెంట పడొద్దు.

మిగిలిన వీటీఎంతో ర్యాపిడ్ యాంటిజెన్ కిట్ చేయొచ్చా?

కిట్ కాగితంలో వీటీఎం వాడొచ్చని ఉంటేనే. చాలా కిట్లకు స్వాబ్‌ను నేరుగా వాళ్ల బఫర్‌లో ముంచాలి, మూడు మిల్లీలీటర్లలో పలచబడినదాన్ని వేస్తే ఉన్న వైరస్ కూడా కనపడకపోవచ్చు.

పాజిటివ్ వచ్చినాయన కోలుకున్నాడు. నెగెటివ్ వచ్చేదాకా స్వాబ్‌లు పంపుతూ ఉండాలా?

మామూలు పేషెంటుకు అక్కర్లేదు. పీసీఆర్ చచ్చిన వైరస్ ముక్కలను కూడా పట్టుకుంటుంది, కోవిడ్‌లో కొందరికి వారాల తరబడి పాజిటివ్ వస్తూనే ఉండేది. జ్వరం తగ్గి, ఆక్సిజన్ లేకుండా బాగున్న మనిషిని ఒక్క రిపోర్టు కోసం మంచం మీద కట్టిపడేయొద్దు. క్యాన్సర్ మందులు, కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్ల సంగతి వేరు, వాళ్లు నిజంగానే చాలాకాలం వైరస్ వదులుతూ ఉండొచ్చు. వాళ్లకు మళ్లీ ఎప్పుడు తీయాలో చూసే డాక్టరు, మైక్రోబయాలజీ వాళ్లు మాట్లాడుకుని నిర్ణయించాలి.